ఐదో భుజం

నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని మెచ్చుకోని వాళ్లు లేరు. ఆ చేతిరాత వల్లనే 1948లో లాలాగూడలో ఐదుగురు మనుషులు ఒకే పొద్దున మిలిటరీ లారీ ఎక్కారు. వాళ్లలో ఒకడు నా సొంత తమ్ముడు లూకా. ఈ సంగతి ఇన్నేళ్లూ ఎక్కడా రాయలేదు. పోయిన నెల పద్మారావు నగర్‌లో ఒక సభకు వెళ్లాను. అక్కడ ఒక పెద్దమనిషి, బొమ్మను చూసి పాట కట్టడం ఈ కాలం కవులు కనిపెట్టిన విద్య అని మైకు ముందు ఊదరగొట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అక్షరం ముక్క రాని జైతున్ బీ ఆ పని మా పక్కింటి వరండాలో కూర్చుని, బియ్యంలో రాళ్లు ఏరుతూ చేసింది.

జైతున్ బీ భర్త పీర్ మహమ్మద్ రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి. బోగీల బల్లలు, కిటికీలు బాగు చేసేవాడు. మనిషి ఆరడుగులు, మాట మాత్రం పొదుపు. ఆమె అందుకు పూర్తిగా భిన్నం, పొట్టి మనిషి, నోరు ఒక్క క్షణం ఊరుకోదు. ఇంట్లో వాళ్లిద్దరూ మాట్లాడుకునేది తెలుగే. పిల్లలు లేరు. నన్ను "టీచరమ్మా" అని పిలుస్తూనే చిన్నపిల్లను కసిరినట్టు కసిరేది. నేను ఆమెను ఆపా, అంటే అక్కా, అనేదాన్ని. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, కార్మికుల పిల్లలు చదివే బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఆ గల్లీలో నా అంత చదువుకున్న ఆడది లేదని కొంచెం పొగరు కూడా ఉండేది.

బొమ్మలు బ్రహ్మచారివి. పేరుకే బ్రహ్మచారి, ఇంటి నిండా సంసారం. బోగీల మీద నంబర్లు రాయడం ఆయన ఉద్యోగం. ఒకసారి వర్క్‌షాపులో ఇనుప తలుపు మీద పడి కుడి భుజం చచ్చుబడింది. అప్పటి నుంచి ఎడమచేత్తోనే రాసేవాడు. కాలం చెల్లిన బోగీల తలుపు చెక్కలు తెచ్చుకుని, డబ్బాల అడుగున మిగిలిన రంగులతో వాటి మీద బొమ్మలు వేసేవాడు. దేవుళ్లు కాదు, రాజులు కాదు. బొంబాయి పత్రికల్లో కొత్త రకం బొమ్మలు చూసి, ఆ పిచ్చి తలకెక్కించుకున్నాడు. ఆయన మనుషులకు చేతులు చాటలంత ఉండేవి, తలలు నిమ్మకాయలంత. ముఖాలు అసలే ఉండవు.

"చారికి మొఖాలు గీయనీకె రాదు" అని గల్లీలో నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు చెప్పాలి?

జైతున్ బీ మాత్రం నవ్వలేదు. మొదటిసారి ఆయన వేసిన ఆడమనిషి బొమ్మ ముందు చాట పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆమెకొక పద్ధతి ఉంది. బొమ్మను కింది మూల నుంచి మొదలుపెట్టి పైకి చూస్తుంది. ఒక్కో రంగుకు ఒక్కో చరణం కడుతుంది. ఆ రోజు ఇలా పాడింది:

*ఇసిరి ఇసిరి చేతులు పెరిగె*
*వంగి వంగి తల తరిగె*
*ఇసిరిన పిండి ఏడవాయెనో*
*ఇసుర్రాయినడుగుండ్రి*

పది రోజుల్లో ఆ పాట నల్లా దగ్గర ప్రతి ఆడదాని నోట్లో ఉంది. రేషన్ దుకాణం ముందు వరసలో నిలబడి నలుగురూ అందుకుంటే దుకాణదారు తలుపు వేసుకున్నాడు. తన తూకం సంగతి తనకు తెలుసు కదా! అప్పటి నుంచి బ్రహ్మచారి బొమ్మలను చూసి నవ్వడం తగ్గింది.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ ఎప్పుడూ గొడవే.

"మొఖం పెడితే అది ఒక్కనిదే అయితది చెల్లే. పెట్టకుంటే అందరిదీ" అనేవాడు ఆయన.

"పేరు లేకుంటే ఎవలదీ కాదన్నా. మా అమ్మ చెప్పింది, పాటల మనిషిని పేరు లేకుండ నిలవెట్టొద్దని" అనేది ఆమె.

ఆ మాట వెనక వాళ్ల అమ్మ నుంచి వచ్చిన ఒక ఆచారం ఉంది. ఏటా రజబ్ నెలలో మా గల్లీ నుంచి మౌలాలి గుట్ట మీది దర్గాకు పొడుగాటి వెదురు జెండా కర్ర మోసుకుపోయేవాళ్లు. ఐదు భుజాల మీద పోవాలి. తురకలని, హిందువులని, మాలాంటి కిరస్తానీలని లెక్క లేదు, భుజం గట్టిగా ఉంటే చాలు. కర్ర లేపేటప్పుడు పాడే పాటలో ఐదుగురి పేర్లు పెట్టాలి. నాలుగు పేర్లు ఎదురుగా ఉన్నవాళ్లలో ఎవరివైనా సరే, చంటిపిల్లలైనా, ముసలివాళ్లైనా పెట్టొచ్చు. ఐదో పేరు మాత్రం ఆ పూట ఇంటికి రాని మనిషిది. అలా పిలిస్తే ఎక్కడున్నా క్షేమంగా తిరిగొస్తాడని నమ్మకం. పాడిన ప్రతిసారీ పేర్లు మారుతుంటాయి.

పోలీసు చర్యకు ముందు నెలలో బ్రహ్మచారి ఒక పెద్ద బొమ్మ వేశాడు. ఐదుగురు మనుషులు, ముఖాలు లేవు, భుజాల మీద ఏదో పొడుగాటిది. ఎర్రటి నేల, నల్లటి ఆకాశం. అదేమిటని అడిగితే చెప్పడు. జైతున్ బీ చూడగానే "ఇది మన జెండా కర్రనే" అని తేల్చేసింది.

సెప్టెంబరులో ఇండియా మిలిటరీ వస్తోందన్న కబురు వచ్చేసరికి పీర్ మహమ్మద్ బోగీల మరమ్మతు పని మీద కాజీపేట వైపు వెళ్లి ఉన్నాడు. రైళ్లు ఆగిపోయాయి. నాలుగు రోజులు ఆయన జాడ లేదు. నెత్తి మీద విమానాలు తిరుగుతుంటే మేమంతా బ్రహ్మచారి వరండాలో ముడుచుకుని కూర్చున్నాం. నోరు ఊరుకోని జైతున్ బీ నాలుగు రోజులు నోరు తెరవలేదు. నాకు అందుకే ఎక్కువ భయమేసింది. ఐదో రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆ బొమ్మ ముందుకు వెళ్లి కూర్చుంది. వరండాలో ఉన్నవాళ్లను ఒక్కొక్కరిని చూస్తూ పాడింది. నీళ్ల ట్యాంకు మీద పనిచేసే పర్వతాలు, మా లూకా, చాయ్ దుకాణం లాల్, బొమ్మ వేసిన బ్రహ్మచారి.

*బరువుకు మొఖము లేదు*
*మోసేటోనికి పేరున్నది*
*ఒకటో భుజమెవ్వలిది? పర్వతాలుది*
*రెండో భుజమెవ్వలిది? లూకా తమ్మునిది*
*మూడో భుజమెవ్వలిది? చాయ్ లాల్‌ది*
*నాలుగోది ఎవ్వలిది? బ్రహ్మచారిది*
*ఐదో భుజమెవ్వలిది? ఇంటికి రానోనిది*
*పీర్ మహమ్మదూ జల్ది రా, కర్ర ఒంగుతున్నది*

వింటూ ఏడ్చాను. ఏడుస్తూనే నోటుపుస్తకంలో రాసుకున్నాను. రెండు రోజుల తర్వాత పీర్ మహమ్మద్ పట్టాల వెంట నడుచుకుంటూ, మోకాళ్ల దాకా దుమ్ముతో ఇల్లు చేరాడు. ఆమె అతణ్ని చూసి ముందు తిట్టి, తర్వాత అన్నం పెట్టింది.

ఇక నా నిర్వాకం చెప్పాలి. అక్టోబరులో, నిజాం పాలన పోయిందన్న సంబరానికి మా బడి తరఫున ఒక హాలులో ఆటపాటలు, బొమ్మల ప్రదర్శన పెట్టారు. బ్రహ్మచారి బొమ్మలు పెడదామన్నది నేనే. ఐదుగురి బొమ్మ కింద పాట కూడా ఉండాలన్నదీ నేనే. దళసరి కాగితం మీద నల్ల సిరాతో, ఒక్క కొట్టివేత లేకుండా, ఆ రోజు పాడిన పాటను ఆ రోజు పెట్టిన పేర్లతోనే రాసి, చెక్క కింద అంటించాను. జైతున్ బీకి చదివి వినిపిస్తే ముఖం చిట్లించింది.

"పేర్లెందుకు రాసినవ్ టీచరమ్మా? అయి ఆ రోజుటి పేర్లు. ఆయన వచ్చిండు కదా, ఇంకా రాలేదని రాస్తే ఎట్ల?"

"రాత అన్నంక ఒక రూపం ఉండాలె ఆపా. నీ లెక్క రోజుకో తీరు రాస్తరా?" అన్నాను.

 చదువుకున్నదాన్ని కదా, నాకే తెలుసని ఆమె ఊరుకుంది.

ముఖ్య అతిథి మిలిటరీ ఆఫీసరు శేషగిరి. రాజమండ్రి వైపు మనిషి, తెలుగు బాగా వచ్చు. అన్ని బొమ్మలూ చకచకా దాటి ఆ ఐదుగురి ముందు ఆగిపోయాడు. పాట రెండుసార్లు చదివాడు.

"ఇది రాసిందెవరండీ?"

"నేనే సార్" అన్నాను, చీర కొంగు సర్దుకుంటూ.

"చేతిరాత చాలా బాగుంది" అన్నాడు.

ఆ మెప్పుకు నేను ఇంటిదాకా నేల మీద నడవలేదు. మర్నాడు పొద్దున నేను పళ్లు తోముకుంటుండగా లారీ వచ్చింది. నా అక్షరాలున్న కాగితం ఒక సిపాయి చేతిలో ఉంది. అందులో ఉన్న వరసలోనే పిలిచారు. పర్వతాలు. లూకా. లాల్. బ్రహ్మచారి. పీర్ మహమ్మద్. నోట్లో పుల్ల అలాగే ఉండిపోయింది.  నా తమ్ముడు లారీ ఎక్కుతూ నా వైపు చూశాడు. నేను రాసిన పేరుకు అతను పలికాడు.

కారణం సాయంత్రానికి తెలిసింది. ఆ రోజుల్లో ఎక్కడో లైను మీద ఒక రైలు పట్టా విప్పి మాయం చేశారు. చేసింది ఐదారుగురని మిలిటరీ వాళ్లకు సమాచారం. బొమ్మలో ఐదుగురు పొడుగాటిది మోసుకుపోతున్నారు. కింద ఐదు పేర్లు ఉండనే ఉన్నాయి. ఐదోవాడు "ఇంటికి రానోడు", అంటే పరారీలో ఉన్న నాయకుడు! ముఖాలు ఎందుకు లేవు? దాచడానికి. ఎంత బాగా కుదిరిందంటే, ఆ పాట పుట్టిన వరండాలో నేను లేకపోయి ఉంటే నేనూ నమ్మేదాన్ని.

మర్నాటికి నలుగురిని వదిలేశారు. పీర్ మహమ్మద్‌ను వదల్లేదు. నలుగురినీ వదలడానికి, ఒకణ్ని ఉంచుకోవడానికి తేడా ఏమిటో ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు. లూకా ఇంటికి వచ్చాడని నాకు సంతోషం వేసింది. అదే క్షణంలో గోడకు అవతల జైతున్ బీ కుండ కడుగుతున్న చప్పుడు వినబడి ఆ సంతోషానికి సిగ్గుపడ్డాను.

పన్నెండు రోజులు మిలిటరీ ఆఫీసు గేటు దాకా పోయి వచ్చాం. పదమూడో రోజు లోపలికి రానిచ్చారు. జైతున్ బీ, బ్రహ్మచారి, నేను. శేషగిరి బల్ల వెనక కూర్చున్నాడు. పక్కన నారాయణ్ అనే గుమస్తా. గోడకు ఆనించి ఆ బొమ్మ.

"ఏం మోస్తున్నారు వీళ్లు?" అని బ్రహ్మచారిని అడిగాడు.

"బరువు సార్."

"ఏం బరువయ్యా?"

"ఇంకేం లేదు సార్. బరువునే గీసిన. పొద్దున వర్క్‌షాపుకు పోయే మనిషి భుజం చూస్తే అట్లనే ఉంటది, ఖాళీగున్నా సుత."

"మౌలాలి జెండా కర్ర సారూ" అంది జైతున్ బీ.

"ఒకరు బరువంటారు, ఒకరు జెండా అంటారు. పీర్ మహమ్మదేమో రైలు పట్టా అన్నాడు" అని శేషగిరి సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. "ఒప్పుకున్నాడు. తనతో ఉన్నవాళ్ల పేర్లు కూడా చెప్పాడు. మళ్లీ అందరినీ తీసుకురమ్మని ఇవాళే చెప్పబోతున్నాను."

చదివాడు. పర్వతాలు. లూకా. లాల్. బ్రహ్మచారి.

 పీర్ మహమ్మదా? మా లూకాకు బొంగరం చెక్కిచ్చిన మనిషి? నోట్లోంచి మాట ఊడిపడని మనిషి నలుగురిని పట్టిచ్చాడా? పక్కకు చూస్తే జైతున్ బీ ముఖంలో రక్తం చుక్క లేదు. ఆ పేర్లు ఆయనతో ఎలా చెప్పించారో నేను చూడలేదు. తర్వాత ఇంటికి వచ్చాక ఆయన అరికాళ్లు మాత్రం చూశాను.

ముందుగా తేరుకున్నది ఆమే.

"ఇంకోపారి చదువు సారూ" అంది. శేషగిరి చదివాడు. "అది ఆయన చెప్పింది కాదు. అది నా పాట. దెబ్బలకు ఓర్వలేక పేర్లడిగితే ఏం జెప్తడు, నోటికొచ్చిన పాట జెప్పిండు. వరస సుత మార్వలే, చూడు."

బ్రహ్మచారి లేచి చొక్కా విప్పాడు. ఎండిపోయిన భుజం చూపించాడు. "నాలుగో మనిషిని నేనే సార్. ఈ భుజంతోని చెంబు నీళ్లు సుత ఎత్తలేను. ఇగ పట్టా ఏం మోస్త?"

 శేషగిరి ఆ ఒప్పుకోలు కాగితాన్ని, నేను రాసిన కాగితాన్ని పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాడు.

"పాడి చూపిస్త సారూ" అని జైతున్ బీ నేల మీద కూర్చుంది. ఎవరూ వద్దనేలోపే మొదలుపెట్టింది.  ఒకటో భుజమెవ్వలిది? శేషగిరి సారుది. రెండోది నారాయణ్‌ది. మూడోది టీచరమ్మది. నాలుగోది తలుపు దగ్గర నిలబడ్డ సిపాయిది. అతని పేరేమిటని మధ్యలో ఆగి అడిగి మరీ పెట్టింది. ఆఫీసరు పేరును పాటలో పెట్టి నేల మీద కూర్చుని పాడుతోంది ఆ పొట్టి మనిషి.

ఐదో చోట ఆగింది.

"మీ ఇంట్ల ఇంటికి రానోళ్లు ఎవలన్న ఉన్నరా సారూ?"

నారాయణ్ తల దించుకున్నాడు. ఇక అయిపోయింది, మా ముగ్గురినీ గెంటించేస్తాడనుకున్నాను. శేషగిరి కిటికీ వైపు చూశాడు.

"మా తమ్ముడు. పాండురంగం. సింగపూర్‌లో ఉండేవాడు, నలభై రెండు నుంచి కబురు లేదు" అన్నాడు చివరికి.

*ఐదో భుజమెవ్వలిది? ఇంటికి రానోనిది*
*పాండురంగం జల్ది రా, కర్ర ఒంగుతున్నది*

ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. చాలాసేపు రాలేదు. వచ్చాక మా వైపు చూడకుండా నారాయణ్‌తో ఏదో రాయించి సంతకం పెట్టాడు. నేను రాసిన కాగితాన్ని నాకిచ్చేశాడు. ఈసారి చేతిరాత గురించి ఏమీ అనలేదు.

మూడో రోజు పీర్ మహమ్మద్ ఇంటికి వచ్చాడు, గోడ పట్టుకుని నడుస్తూ. చూడటానికి పోయిన నలుగురినీ చూడలేదు. ముఖం గోడకు తిప్పుకున్నాడు. ఏం చెప్పాడో మాకు తెలిసిందని ఆయనకు తెలిసిపోయింది. కాళ్లు మానాక పనిలోకి వెళ్లాడు, వచ్చాడు, తలుపు వేసుకున్నాడు. లాల్ దుకాణం వైపు రాకుండా చుట్టూ తిరిగి పోయేవాడు. లూకా ఎదురొస్తే తల దించేవాడు. కొట్టినవాళ్లు సిగ్గుపడలేదు, దెబ్బలు తిన్న మనిషి సిగ్గుతో చచ్చిపోతున్నాడు. ఈ లోకం మీద నాకు పుట్టిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఎండలు ముదిరి రజబ్ నెల వచ్చింది. జెండా కర్ర లేపడానికి పర్వతాలు, లూకా, లాల్ నిలబడ్డారు. నాలుగో చోట బ్రహ్మచారి చేయి ఆనించాడు, అంతకన్నా ఏం చేయగలడు. ఐదో చోటుకు కొత్తవాళ్లు వస్తామన్నా పర్వతాలు ఒప్పుకోలేదు. పీర్ మహమ్మద్ ఇంటి తలుపు వేసే ఉంది. జైతున్ బీ గడప బయట నిలబడి పాట ఎత్తుకుంది. ఐదో భుజం దగ్గరికి వచ్చేసరికి అందరం ఆమె నోటి వైపే చూశాం.

ఇంటికి రానోనిది అని పాడింది. పీర్ మహమ్మదూ జల్ది రా అని పాడింది. పది అడుగుల దూరంలో, తలుపు వెనక, చాప మీద కూర్చున్న మనిషిని ఇంటికి రమ్మని పిలిచింది.  తలుపు తెరుచుకోలేదు. ఆ ఏడు కర్ర మూడున్నర భుజాల మీద వంకర్లు పోతూ గుట్ట చేరింది.

ఆ ఏడాదంతా ఆమె ఏ బొమ్మ చూసి ఏ పాట కట్టినా, చివర్లో ఒక చోట ఆయన పేరు పెట్టి పిలిచేది. ఆయన లోపల వింటూనే ఉండేవాడు. పక్కన కూర్చుని అన్నం పెట్టినప్పుడు మాత్రం ఒక్క మాట అడగలేదని తర్వాత చెప్పింది.

మరుసటి ఏడు మళ్లీ కర్ర లేపారు. పాట ఇంకా మొదలు కాలేదు. లూకా తలుపు ముందుకు పోయి నిలబడ్డాడు.

"పీరన్నా, నువ్వు నా పేరు జెప్పినవ్ నిజమే. నీతోని ఉన్నోళ్లు ఎవలని అడిగిండ్రు, మేమున్నమని జెప్పినవ్. తప్పేమున్నది? బయటికి రా. బరువైతున్నది."

నా తమ్ముడికి అంత మాట వచ్చని నాకు తెలియదు. గడియ తీసిన చప్పుడైంది. పీర్ మహమ్మద్ చెప్పులు లేకుండా వచ్చాడు. ఎవరి ముఖమూ చూడకుండా పోయి, చివరి చోట భుజం పెట్టాడు. ఆరడుగుల మనిషి కదా, కర్ర ఒక్కసారిగా లేచింది. ఆడవాళ్లందరం బాహాటంగానే ఏడ్చాం. జైతున్ బీ ఏడవలేదు, ఆమెకు పాడే పని ఉంది.

నాలుగు పేర్లలో ఒకటి ఆయనదే పెట్టింది. ఐదో చోట పాండురంగం పేరు పాడింది.

గుట్ట ఎక్కుతుండగా ఆమె పక్కకు చేరి అడిగాను. కోపంగానే అడిగాను.

"ఆ ఆఫీసరు తమ్ముని పేరా ఆపా? నీ మొగని కాళ్లు చూసినంక సుత?"

ఆమె కర్ర వైపే చూస్తూ నడుస్తోంది.

"ఆ పిలగాడు ఇంకా ఇంటికి రాలే కదా టీచరమ్మా" అంది.